కుర్చీ కాపాడుకోవడానికి భువనేశ్వర్ వెళ్ళాను

భువనేశ్వర్ దాకా వెళ్ళి ఒక్క గుడి కూడా చూడకుండా తిరిగొచ్చానంటే మా సికింద్రాబాద్ బోయిగూడలో ఎవరూ నమ్మడం లేదు. పక్కింటివాళ్ళు ప్రసాదం ఏదని అడిగారు. జీడిపప్పు పెట్టాను. గుళ్ళ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, కావలసినవాళ్ళు అవి చదువుకోవచ్చు. నేను వెళ్ళింది ఒక హాల్లో కూర్చుని గొడవ పడటానికి. డెబ్బై దాటిన మనిషికి అంత దూరం వెళ్ళి గొడవ పడే అవసరం ఏమొచ్చిందో ముందు చెబుతాను.

పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి నేను. ఫ్యాక్టరీలో రిపేరు పని చేసుకుంటూ, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలతో కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. తెలుగు అక్షరం తెరమీద సరిగ్గా కనబడటమే గొప్పగా ఉన్న రోజుల్లో, తప్పులు పట్టే ప్రోగ్రాము ఒకటి తయారుచేశాను. అది చూసి ఒక సదస్సువాళ్ళు నన్ను రివ్యూయర్‌గా పిలిచారు. మన దేశ భాషలను కంప్యూటర్‌కి నేర్పే పని మీద ఏటా ఒక ఊళ్ళో జరిగే సదస్సు అది. పరిశోధకులు పేపర్లు పంపుతారు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి ఒక్కో పేపరు ముగ్గురు రివ్యూయర్లకు ఇస్తారు. ఆ ముగ్గురూ బాగుందంటే సదస్సులో చదవనిస్తారు, లేదంటే లేదు. ఒకరి ఉద్యోగం, ఒకరి డాక్టరేటు ఆ మూడు అభిప్రాయాల దగ్గర ఆగిపోతాయి. ఈ పనికి జీతం లేదు, భత్యం లేదు. అయినా సదస్సు పుట్టినప్పటినుంచీ ఒక్క ఏడు కూడా మానలేదు.

ఈసారి సదస్సుకు ముందు ఒక మెయిల్ వచ్చింది. రివ్యూయర్లలో కొత్త ముఖాలు రావాలట, అందుకని ఇకమీదట డాక్టరేటు లేనివాళ్ళు ఉండకూడదట, సదస్సు రెండో రోజు దీని మీద ఓటింగ్ అట. డాక్టరేటు లేనివాళ్ళం ఉన్నదే ముగ్గురం: నేను, ఆదిలాబాద్‌లో గోండీ చెప్పే బడిపంతులు, మంగుళూరులో అక్షరాల ఆకారాలు గీసే ఒకాయన. మేం పోతే ఎవరొస్తారు? ఉన్నవాళ్ళు ఎవరి పేరు చెబితే వాళ్ళు. ఉన్నవాళ్ళు ఎవరి పేరు చెబుతారు? తమ దగ్గర చదివినవాళ్ళ పేరు. అది అక్కడి ఆచారం. ఏటేటా మనుషులు మారుతున్నట్టే కనిపిస్తుంది, కాని అందరూ ఆ నాలుగు పెద్ద సంస్థల మెట్లు దిగి వచ్చినవాళ్ళే.

దానివల్ల ఏమవుతుందంటారా? కిందటేడు ఎవరో ఆటో డ్రైవర్ల మాటలు రికార్డు చేసి, ఆ మాటను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేశారు. నాకు వచ్చిన పేపర్లలో అదే మంచిది. తక్కిన ఇద్దరు రివ్యూయర్లలో ఒకరు "ప్రజలు ఇలా మాట్లాడరు" అని రాసి తోసేశారు. ఏ ప్రజలు? మా గల్లీ మొత్తం అలాగే మాట్లాడుతుంది. ఆ పేపరు పోయింది. నాకు ఆ వాక్యం ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

నల్లగొండ

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం దాటాక రైలెక్కాను. నల్లగొండలో షాహీన్ ఎక్కింది. అక్కడి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. డాక్టరేటు కూడా ఉంది, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేసింది. రివ్యూయర్‌గా తీసుకోమని మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ నేను సిఫారసు చేశాను, మూడుసార్లూ ఒకటే జవాబు: ఇంతకుముందు రివ్యూ చేసిన అనుభవం లేదు.

వాళ్ళమ్మ ప్లాట్‌ఫారం మీదనుంచి కిటికీలోకి ఒక డబ్బా అందించింది. "అన్నా, జెర మా పిల్లని చూస్కోండి. కోపం ఎక్కువ దానికి."

"నా కోపం చూడలేదు మీరు," అన్నాను.

"గందుకే మీతోని పంపుతున్న."

డబ్బాలో పూరీలు, వేయించిన మాంసం. రైల్లో అమ్మే బిర్యానీ నూట ముప్పై రూపాయలు పెట్టి కొన్న ఎదురు సీటాయన మా డబ్బా వంక చూస్తూ తిన్నాడు. షాహీన్ ఆయనకూ రెండు పూరీలు పెట్టి, నా వైపు తిరిగింది.

"సార్, నాకొక్కటి సమజ్ కాదు. అనుభవం ఉన్నోళ్ళే రివ్యూ చెయ్యాలంటరు. మొదటిసారి చెయ్యనియ్యరు. మరి అనుభవం ఏడ దొరుకుతది, మోండా మార్కెట్ల తూకానికి అమ్ముతరా?"

"అది ఓటింగు రోజు మైకులో అడుగు."

"నన్ను మైకు ముట్టనిస్తరా? సభ్యుల మీటింగుల రివ్యూయర్లకే మాట."

నిజమే. ఓటు సదస్సుకు వచ్చిన అందరికీ ఉంది. కాని నియమంలో ఒక మార్పు పెట్టాలంటే ఒక రివ్యూయర్ చెప్పాలి, ఇంకో రివ్యూయర్ లేచి బలపరచాలి. చెప్పడానికి నేనున్నాను. బలపరిచేవాడే కావాలి. ఆదిలాబాద్ పంతులుకి సెలవు దొరకలేదు. మంగుళూరాయన రానని ఊరుకున్నాడు.

పలాస

తెల్లారేసరికి పలాస. ప్లాట్‌ఫారం మీద జీడిపప్పు. మా మోండా మార్కెట్లో కిలో కొనే డబ్బుకి ఇక్కడ కిలోంబావు వస్తుందన్నారు. అరకిలో కొని చూసుకుంటే అడుగున సగం బద్దలే. మోసపోయానని సణుగుతుంటే అప్పుడే ఎక్కిన ఒకాయన పొట్లం అందుకుని చూశాడు. జీడిపప్పు వ్యాపారి, బరంపురం వెళుతున్నాడట.

"బద్దలే గానీ కొత్త పప్పేనండి, తినీయండి. ఏటి బాబూ మీరు చేసీ పని?"

చెప్పాను. పేపర్లు చదివి మంచీ చెడ్డా తేలుస్తామన్నాను, ఇప్పుడు నన్ను పొమ్మంటున్నారన్నాను.

"జీతమెంతిస్తారేటి?"

"ఏమీ ఇవ్వరు."

"భోజనం?"

"మీటింగు రోజు పెడతరు," అంది షాహీన్.

ఆయన కాసేపు నా ముఖం, కాసేపు షాహీన్ ముఖం చూశాడు. "డబ్బులివ్వరు, రోజూ బువ్వెట్టరు. పొమ్మంటే పోకుండా రైలెక్కి ఎలతన్నారు. ఎందుకండీ అంత పట్టు?"

షాహీన్ చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. జీడిపప్పు వేరు, మా పని వేరు అన్నాను. "అవునండి, వేరే," అని ఆయన మర్యాదగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక నాకు మరీ చిరాకేసింది.

బరంపురం దాటాక చాలాసేపు చిలికా సరస్సు మా పక్కనే వచ్చింది. అవతలి ఒడ్డు కనబడని నీళ్ళు, నీళ్ళలో పాతిన కర్రలు, వాటి మీద పక్షులు. మా హుస్సేన్‌సాగర్‌ని సముద్రమని చెప్పుకునే మేం కొంచెం తల దించుకోవాలి. అందరూ ఫోన్లు తీశారు. నేను మాత్రం ఎందుకంత పట్టు అన్న ప్రశ్నకు గట్టి జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను.

డాక్టర్ గారి మోకాలు మందు

సదస్సు జరిగే హోటల్లోనే బస. మెడలో వేసుకోవడానికి అట్ట ఒకటి ఇచ్చారు. దాని మీద నా పేరుకు ముందు "డాక్టర్" అని అచ్చయింది. నాకు డాక్టరేటు లేదనే కదా నన్ను తీసేయబోతున్నారు అని అడిగితే, బల్ల దగ్గరి అమ్మాయి నొచ్చుకుంది. వాళ్ళ కంప్యూటర్ అందరికీ డాక్టర్ అని తనే పెట్టేస్తుందట, తీయడం ఎలాగో వాళ్ళకు తెలియదట. పెన్నుతో కొట్టేశాను. కొట్టేసినా కింద అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం హోటల్ కౌంటర్ కుర్రాడు తలుపు కొట్టి, వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులని చెప్పి మందు రాసిమ్మన్నాడు. నేను ఆ డాక్టర్ని కాననీ, అసలు ఏ డాక్టర్నీ కాననీ హిందీలో చెప్పడానికి చాలాసేపు పట్టింది. అతను ప్రతి మాటకూ "ఆజ్ఞా, ఆజ్ఞా" అంటున్నాడు. అది అక్కడ మన "అండీ" లాంటిది. ఆజ్ఞాపించమంటున్నాడనుకుని నేను కంగారు పడ్డాను. చివరికి మా ఆవిడ వాడే నువ్వులనూనె సంగతి చెప్పి పంపించాను. మర్నాడు నాకు టీ డబ్బులు తీసుకోలేదు.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది పఖాళ. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, మర్నాడు పెరుగూ వేయించిన చేపా పెట్టుకుని తింటారు. అంటే మన చద్దన్నమే. మన దగ్గర అది వంటింట్లో, బంధువులు చూడకుండా తినే తిండి. ఇక్కడ హోటల్లో ఇత్తడి పళ్ళెంలో నూట అరవై రూపాయలకు వడ్డిస్తారు, సూటు వేసుకున్నవాళ్ళు చేతులు ముంచి తింటారు. తమ తిండిని తాము తక్కువ చేసుకోని ఊరు ఇది. నాకు గౌరవం కలిగింది.

బలపరిచేవాడి కోసం

మొదటి రోజంతా నేను ఉపన్యాసాలు వినలేదు. టీ బల్లల చుట్టూ తిరిగి రివ్యూయర్లను పట్టుకున్నాను. డాక్టరేటు నియమం తీసేయమని నేనంటాను, మీరు లేచి బలపరచండి అని ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ నేను చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజమన్నారు. నిజమని చెప్పి బిస్కెట్లు తీసుకుని వెళ్ళిపోయారు.

మిగిలింది రామశేషు గారు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ప్రొఫెసర్. సదస్సు మొదలైన ఏడు నాతోపాటే చేరాడు, రివ్యూయర్లను ఎంచే కమిటీలో కూడా ఉన్నాడు. మేమిద్దరం పోట్లాడుకోని ఏడు లేదు. భోజనాల దగ్గర పట్టుకున్నాను.

"సత్యంగారూ, ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి," అన్నాడు. "మీ గొడవ పద్ధతి గురించా, మీ కుర్చీ గురించా?"

"పద్ధతి గురించే."

"మరి మనిద్దరం చేరినప్పటినుంచీ ఉన్నాం కదండీ. అప్పుడు లేని పద్ధతి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"షాహీన్ పేరు మూడుసార్లు ఇచ్చిన. మూడుసార్లూ మీ కమిటీనే వద్దన్నది. గప్పుడు మీరు ఏం గుర్తుచేస్కున్నరు?"

"కొత్తవాళ్ళను తీసుకుంటే ఏమవుతుందో మీకు తెలీదా? రెండు వాక్యాలు రాసి పంపేస్తారు. బాగుంది, బాలేదు. అవతలివాడు ఏడాదిపాటు కష్టపడి రాసుంటాడు. పాతవాళ్ళందరూ లేచిపోతే నేర్పేదెవరండీ?"

అందులో నిజముంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. కొంతమంది కొత్తవాళ్ళు అలాగే రాస్తారు. "ప్రజలు ఇలా మాట్లాడరు" అని ఒక్క ముక్కలో తోసేసింది మాత్రం పాతవాడే, ఆ రాత ఎవరిదో నాకు తెలుసు. ఆ మాట అనలేదు. అన్నం వదిలేసి లేచాను.

నా వెనకే షాహీన్ వచ్చింది. "సార్, ఆయన అడిగింది తప్పు కాదు."

"నువ్వు సుత గదే అంటవా?"

"ఓటు గెలిస్తే మీ కుర్చీ మీకుంటది. నాకేమొస్తది? మీరు నాలుగోసారి సిఫారసు రాస్తరు, అంతే కదా."

నల్లగొండ ప్లాట్‌ఫారం మీద వాళ్ళమ్మ అబద్ధం చెప్పలేదు.

ఒక్కటే శాలువా

రెండో రోజు సాయంత్రం సభ్యుల మీటింగు. అధ్యక్షుడు మహాపాత్ర గారు మంచి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. నియమం సంగతి ఎత్తకముందే, ముందుగా ఒక సంతోషకరమైన పని ఉందన్నాడు. తెరమీద నా ఫోటో వచ్చింది. రిపేరు బల్లనుంచి రివ్యూయర్ దాకా ఎదిగిన మనిషినని చెప్పాడు. మన సదస్సులో ఎంత వైవిధ్యం ఉందో చూడండన్నాడు. ఇన్నేళ్ళ సేవకు సన్మానం అన్నాడు. హాలంతా చప్పట్లు. నన్ను వేదిక మీదకు పిలిచి సంబల్‌పురి శాలువా ఒకటి కప్పారు. ఎర్రది, అంచున చేపలు, చక్కని నేత. రెండు మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చారు.

వాళ్ళు చేసిన పొరపాటు అదొక్కటే.

ఇంగ్లీషులోనే మాట్లాడాను, నా ఇంగ్లీషులో. "మా ఫ్యాక్టరీలో రిటైరయ్యే రోజు మనిషికి ఇట్లాగే శాలువా కప్పేవాళ్ళు. పూలదండ వేసేవాళ్ళు. జీపులో ఇంటిదగ్గర దింపేవాళ్ళు. మర్నాడు ఆయన గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. కాబట్టి ఈ శాలువాకు అర్థమేమిటో నాకు తెలుసు. తీసుకుంటున్నాను."

మహాపాత్ర గారు అది కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

"కాని నేను ఒక్కణ్ణే చేరలేదు. నాతోపాటే, నా తర్వాతి ఏళ్ళలో చేరి ఇంకా ఉన్నవాళ్ళు చాలామంది ఈ హాల్లో ఉన్నారు. సేవ వాళ్ళదీ అంతే కదా. వాళ్ళకు శాలువా ఏది? రామశేషు గారూ, మీరు రండి."

ఆయన రాలేదు. నేను మైకు వదల్లేదు. వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థులు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. రెండోసారి పిలిచాను. ఆయన నవ్వుతున్నట్టు ముఖం పెట్టి మెట్లెక్కాడు. ఇంకో శాలువా లేదని మహాపాత్ర గారు చెవిలో చెప్పాడు. నా భుజం మీదున్నదాన్ని విప్పి, సగం నా మీద ఉంచుకుని సగం ఆయన మీద వేశాను. ఇద్దరు ముసలివాళ్ళం ఒకే శాలువా కింద, ఆయన పొడగరి, నేను పొట్టివాణ్ణి, ఒక పక్కకు వాలిపోయి నిలబడ్డాం.

"నా మార్పు ఇది," అన్నాను. "డాక్టరేటు మాట తీసేయండి. దాని బదులు, ఎవరైనా సరే వరసగా ఐదేళ్ళకు మించి ఉండకూడదని పెట్టండి. కొత్తగా రావాలనుకునేవాళ్ళు ఎవరి సిఫారసూ లేకుండా అడగొచ్చు. పాత పేపరు ఒకటి ఇచ్చి రివ్యూ రాయించండి, రాసింది చూసి తీసుకోండి."

"ఐదేళ్ళంటే మీరూ వెళ్ళాలి," అన్నాడు మహాపాత్ర గారు.

"మొదట నేనే. శాలువా కప్పేశారుగా."

నేను సికింద్రాబాద్‌లో రైలెక్కినప్పుడు అనుకున్న మాట ఇది కాదు. కుర్చీ పట్టుకుని ఉండాలనే వెళ్ళాను. ఫోటో చూపించి వైవిధ్యం అన్న మాట వినగానే, ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ నన్ను చూపించి తక్కినవాళ్ళను ఆపేస్తారని అర్థమైంది.

బలపరిచేవారెవరని అధ్యక్షుడు అడిగాడు. ఎవరూ లేవలేదు. శాలువా కింద రామశేషు గారి భుజం బిగుసుకుంది.

"కుట్ర చేశారండీ మీరు," అన్నాడు తెలుగులో, పళ్ళ మధ్యనుంచి.

"నిన్న మీరే కదా అడిగిన్రు, కుర్చీ కోసమా అని."

"అందరూ ఒకేసారి పోతే కొంప మునుగుతుందండీ."

"సగం మంది ఈ ఏడు, సగం మంది వచ్చే ఏడు. గదీ చెప్పుండ్రి మీరే."

ఆయన మైకు లాక్కున్నాడు. ఆ సగం సగం సంగతి తన మార్పుగా చెప్పాడు, చాలా గంభీరంగా, ఎన్నాళ్ళుగానో ఆలోచిస్తున్నట్టు. ఆ మార్పుతో బలపరుస్తున్నానన్నాడు. ముందు వరసల్లో చేతులు కొన్నే లేచాయి. వెనక వరసలు మొత్తం లేచాయి. ఏడాదిపాటు అమలు చేసి చూద్దామన్న షరతుతో నెగ్గింది. ఆదిలాబాద్ పంతులు చేరి రెండేళ్ళే అయింది కనక ఉంటాడు. మంగుళూరాయనకూ ఐదేళ్ళు నిండలేదు, ఉంటాడు. నేను ఉండను.

శాలువా రామశేషు గారే పట్టుకుపోయాడు. అడగాలనిపించలేదు.

దహీబరా బండి దగ్గర

మర్నాడు పొద్దున రైలుకు ముందు షాహీన్ నన్ను దహీబరా బండి దగ్గరికి తీసుకెళ్ళింది. పెరుగువడ అంటే మనకు చల్లగా, చెంచాతో, భోజనం చివర. ఇక్కడ ఆకు దొన్నెలో వడలు వేసి, పల్చని పెరుగు పోసి, దాని మీద కారంగా బంగాళాదుంప కూర, బఠాణీ, ఉల్లిపాయ, సేవు గుమ్మరించి పొద్దున్నే నిలబడి తింటారు. ముప్పై రూపాయలు. నా తెల్లచొక్కా మీద కూర ఒలికింది. పసుపు మరక ఇప్పటికీ పోలేదు.

షాహీన్ తినకుండా దొన్నె పట్టుకుని నిలబడింది.

"ఏందమ్మా, గెలిచినం కదా."

"మీరు పోయిన్రు సార్. నేనొస్తనో రానో అల్లా ఎరుక. ఒకవేళ వచ్చినా, లోపల మన మాట మాట్లాడేటోళ్ళు ఎవరున్నరు?"

"ఆదిలాబాద్ పంతులున్నడు. నువ్వుంటవు."

"ముందు మీరు నన్ను అడగలే, గట్ల చేస్తున్నా అని."

"నాకే తెల్వదు గట్ల చేస్తనని."

"మా అమ్మ నా కోపం గురించే చెప్తది అందరికి," అని తినడం మొదలుపెట్టింది. కారం నషాళానికి అంటి కళ్ళు తుడుచుకుంది. కారమేనా అని నేను అడగలేదు.

బోయిగూడ

వచ్చాక కొన్ని నెలలు గడిచాయి. రివ్యూ చెయ్యమని ఆ సదస్సునుంచి నాకు మెయిల్ రాకపోవడం ఇదే మొదటిసారి. పేపర్లు వచ్చే నెలలో చేతులు ఊరుకోక పాత రేడియో ఒకటి విప్పాను. బాగు చెయ్యబోతే ఇంకా పాడయింది.

షాహీన్ పాత పేపరు మీద రివ్యూ రాసి పంపింది. తీసుకున్నారు. మొన్న ఆదివారం ఫోన్ చేసింది.

"సార్, ఐదు పేపర్లొచ్చినయి. అండ్ల ఒకటి చాలా పరేషాన్ చేస్తున్నది. గిట్లాంటిదే ఎప్పుడో మీరు చూసిన్రేమో. అది దేని మీద అంటే..."

"ఆగు," అన్నాను. "చెప్పకు."

"జెర వినుండ్రి సార్."

"రివ్యూయర్‌కి వచ్చిన పేపరు బయటోళ్ళకు చెప్పొద్దు. నేను బయటోణ్ణి."

"మరి డౌట్ ఎట్ల తీర్చుకోవాలె?"

"డౌట్ ఉంటే డౌటున్నదని రాయి. ఎందుకున్నదో రాయి. రెండు వాక్యాలు రాసి పంపినవనుకో, రామశేషు గారు నన్ను బతకనియ్యడు."

నవ్వి పెట్టేసింది.

ఆ పేపరు దేని మీదో, నేను చూసినదాని లాంటిదేనో, ఎవరు రాసుంటారో తెలుసుకోవాలని ఆదివారం నుంచీ ప్రాణం కొట్టుకుంటోంది. ఆమె మళ్ళీ ఫోన్ చేసినా అడగను.